కార్డు ఒకరిది, కంప్యూటరు ఒకరిది

నూకలమర్రు పురపాలక సంఘానికి ఉన్నది ఒక్కటే కంప్యూటరు. సోమవారం పొద్దున భూలక్ష్మి వెళ్ళేసరికి అది రెండు గదుల్లో ఉంది. శుక్రవారం వచ్చేసరికి మూడు గదుల్లోకీ, ఒక పెరట్లోకీ పాకింది.

నిజానికి భూలక్ష్మికి కంప్యూటరుతో పనేమీ లేదు. తన కూతురు హంసిని పుట్టింది అని ఒక కాయితం మీద రాసి, గుండ్రటి ముద్ర కొట్టి ఇస్తే చాలు. పిల్ల పుట్టిన సంగతి భూలక్ష్మికి అనుమానం లేదు, నొప్పులు పడింది తనే కాబట్టి. పిల్లకీ అనుమానం లేదు. అనుమానమల్లా బడికి. జీడిపప్పు ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న బళ్ళో ఒకటో తరగతిలో ఒకే ఒక్క సీటు మిగిలింది. హెడ్మిస్ట్రెస్ సౌదామిని గారు మంచావిడే. "కాయితం పట్రామ్మా, శుక్రవారం సాయంత్రం బడి గంట కొట్టేదాకా నీ కోసం ఆపుతాను. గంట కొట్టాక అది నా చేతిలో ఉండదు" అంది.

ఆ సీటు రాకపోతే ఏమవుతుందో భూలక్ష్మి కళ్ళు మూసుకుంటే కనబడుతోంది. ఆవిడ పని ఆ ఫ్యాక్టరీలోనే, జీడిగింజలు ఒలవడం. గింజలో ఉండే నూనె చుక్క ఒంటి మీద పడితే బొబ్బెక్కుతుంది. ఇంట్లో చూసేవాళ్ళు లేక పిల్లని వెంటేసుకుని పోతోంది. మొన్న పిల్ల మోచేతి మీద చుక్క పడింది. మేస్త్రీ అది చూసి, "అమ్మాయ్, వచ్చే వారం నుంచి పిల్లతో వస్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి పో" అన్నాడు. మొగుడు లారీ క్లీనరు. ఫోను చేస్తే నాగపూరు అవతల ఎక్కడో ఉన్నానన్నాడు, ఎక్కడో అతనికీ తెలీదు.

అంచేత సోమవారం పొద్దున్నే పిల్లకి రెండు జడలేసి, చేతిలో జంతికల పొట్లం పెట్టి, పురపాలక సంఘానికి తీసుకొచ్చింది.

జనన మరణాల విభాగంలో సూపరింటెండెంటు కామేశం గారు కిటికీ వెనక కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కనే బల్ల మీద కంప్యూటరు. మూత లేదు. పెట్టె పొట్ట తెరిచి ఉంది. ఆ పొట్టలోంచి జానెడు వెడల్పున, బూడిద రంగులో, అట్టలా పలచగా ఒక కేబులు బయటికొచ్చి, బల్ల దిగి, నేల మీద పాకుతూ, గోడకి కొట్టిన కంతలోంచి పక్క గదిలోకి పోతోంది.

"అమ్మా, రిబ్బను!" అంది హంసిని. "ఎంత పేద్ద జడకో!"

"ముట్టుకోకు. గవర్నమెంటుది" అంది భూలక్ష్మి.

"గవర్నమెంటుది కాదు, ఎకౌంట్స్ విభాగానిది" అని సరిదిద్దాడు కామేశం. "రిబ్బను కేబులు వాళ్ళది, దాని చివర ఉన్న కార్డు వాళ్ళది. పెట్టె మాత్రం మాది. దయచేసి విభాగాలని కలగాపులగం చెయ్యకండి."

భూలక్ష్మి తెల్లమొహం వేసింది. మిషను ముందు కూర్చున్న ఆపరేటరు సుభాషిణి ఆవిడ మొహం చూసి జాలిపడి, టైపు చేస్తూనే కథంతా చెప్పింది.

ఈ కంప్యూటరు సుభాషిణి కంటే చాలా ముందు ఉద్యోగంలో చేరింది. పాతకాలపు పెట్టె. ఒక్కో పనికి ఒక్కో కార్డు ఉండాలి. తెర మీద అక్షరం కనబడాలంటే ఒక కార్డు, ప్రింటరు కదలాలంటే ఇంకో కార్డు. పెట్టె లోపలున్న గాళ్ళలో వాటిని బ్రెడ్డు ముక్కల్లా నిలువుగా దిగబెడతారు. ఊళ్ళో ఎవరెప్పుడు పుట్టారో, ఎవరెప్పుడు పోయారో అంతా ఆ పెట్టెలోనే ఉంది. దాన్ని మార్చమని పైకి రాశారు. పైనించి జవాబు రావాల్సి ఉంది.

ఇలా ఉండగా ఒక ఆడిట్ పార్టీ వచ్చింది. పెట్టె కొన్నది జనన మరణాల నిధితో. ప్రింటరు నడిపే కార్డు కొన్నది ఎకౌంట్స్ నిధితో. మూత తీసి చూస్తే, ఒక విభాగం సొత్తు ఇంకో విభాగం సొత్తు కడుపులో ఉంది. ఆడిట్ పార్టీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడట. "సదరు కార్డు తక్షణమే ఎకౌంట్స్ సూపరింటెండెంటు గారి బల్ల మీద, వారి కళ్ళ ఎదుట ఉండవలెను. అట్లు లేనిచో దుర్వినియోగముగా భావించబడును" అని రాసి పోయాడు.

కార్డు తీసేస్తే ప్రింటరు నడవదు. పెట్టెని ఎకౌంట్స్ వాళ్ళ గదికి మోసుకుపోదామంటే, అది కదలకుండా నాలుగు కాళ్ళ దగ్గరా లక్కముద్ర వేసి ఉంది. అది అంతకు ముందు వచ్చిన ఆడిట్ పార్టీ పని. అప్పుడు రిపేర్లు చేసే కుర్రాడెవడో ఉపాయం చెప్పాడు. గాడిలో కార్డు బదులు రిబ్బను కేబులు దిగబెడితే, దాని రెండో కొసకి కార్డు తగిలించుకోవచ్చు. కార్డు బయట ఉన్నా, పెట్టె మాత్రం అది తన కడుపులోనే ఉందనుకుంటుంది.

"మరి ప్రింటరు ఎవరిదమ్మా?" అంది భూలక్ష్మి.

"ప్రింటరు మాదే అక్కా. అందుకే ఇదిగో, నా పక్కనే ఉంది. అక్షరం ఇక్కణ్ణించి బయల్దేరి, గోడ కంతలోంచి దూరి, పక్క గదిలో కార్డుని దర్శనం చేసుకుని, ఇంకో వైరు పట్టుకుని వెనక్కొచ్చి, మళ్ళీ ఇక్కడే పడుతుంది."

"పాపం, అలిసిపోదూ?"

"పోతుంది. ఆ కుర్రాడు జానెడు దాటనివ్వద్దన్నాడు. ఎవరు విన్నారు?"

ప్రింటరు కీచుమని అరిచి కాయితం కక్కింది. కామేశం దాన్ని చింపి, ముద్ర కొట్టి, సంతకం పెట్టి, రెండు చేతుల్తో ప్రసాదంలా అందించాడు. భూలక్ష్మి ఏడో తరగతి మధ్యలో బడి మానేసింది గానీ, అంకెలు బాగానే వచ్చు. చదివింది. మళ్ళీ చదివింది. పిల్ల పేరు సరిగ్గా ఉంది, తన పేరు సరిగ్గా ఉంది. పుట్టిన సంవత్సరం దగ్గరికొచ్చేసరికి హంసినికి అరవై తొమ్మిదేళ్ళు నిండాయి.

"అయ్యా! ఇదేంటండీ? మా అమ్మకే యాభై లేవు!"

"మీ అమ్మగారి సంగతి మీరు దరఖాస్తులో రాయలేదు" అన్నాడు కామేశం.

"కాదండీ, పిల్లని చూడండి. పాలపళ్ళు కూడా ఊడలేదు."

కామేశం కిటికీలోంచి వంగి చూశాడు. హంసిని జంతిక నోట్లో పెట్టుకుని పళ్ళన్నీ చూపించింది.

"చూడండమ్మా, పళ్ళనేవి వ్యక్తిగత విషయం. కార్యాలయం పళ్ళు చూసి పని చెయ్యదు. కంప్యూటరు ఏది చెబితే అది. అయినా మీరు బెంగపడాల్సింది ఏముంది? అరవై ఐదు దాటింది కాబట్టి వృద్ధాప్య పింఛనుకి అర్హత వచ్చింది. మూడో నంబరు కౌంటరు ఖాళీగానే ఉంది, చూసుకోండి."

"నాకు పింఛనొద్దండీ, ఒకటో తరగతి కావాలి."

"ఒకటో తరగతికి ఈ వయసు మించిపోయింది" అని కామేశం జాలిగానే అన్నాడు. "సవరణ కావాలంటే దరఖాస్తు పెట్టుకోండి. బుధవారం కనబడండి."

బయటికొస్తుంటే హంసిని అడిగింది, "అమ్మా, నేను ముసిల్దాన్నా?"

"కాదే తల్లీ."

"మరి నువ్వు నాకు దణ్ణం పెట్టాలి కదా?"

భూలక్ష్మికి నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఇంకా సోమవారమే కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

బుధవారం వచ్చేసరికి పురపాలక సంఘం నిండా మామిడాకుల తోరణాలు. కంప్యూటరు గదిలోకి అడుగుపెట్టబోతే, గుమ్మం దగ్గర అటెండరు బూరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. రిబ్బను దాటకూడదు. చుట్టూ తిరిగి రా."

"ఎటు చుట్టూ?"

"పెరట్లోంచి వెళ్ళి, ఎకౌంట్స్ వాళ్ళ షెడ్డు వెనకనించి తిరిగి రావాలి. అక్కడ కొస ఉంది."

సంగతేమిటంటే, కమిషనరు గారు సోమవారం సాయంత్రం ఇటు వచ్చి రిబ్బనుని చూశారు. చూసి ముగ్ధులైపోయారు. ఆయన అంతకు ముందే ఎక్కడో సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ అందరూ విస్తరణ, విస్తరణ అన్నారు గానీ, దేన్ని విస్తరించాలో చెప్పకుండానే భోజనాలకి లేచారు. అప్పట్నుంచీ విస్తరించడానికి ఏదైనా దొరుకుతుందా అని ఆయన వెతుకుతున్నారు.

"పక్క గదికి పోయిన రిబ్బను పెరట్లోకి ఎందుకు పోకూడదు?" అన్నారట. ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ఉత్తర్వు వెలువడింది. ఎకౌంట్స్ వాళ్ళు ఇరుకు గదిలో ఉన్నామని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. వాళ్ళని పెరటి అవతలున్న షెడ్డుకి మార్చారు. వాళ్ళతో పాటు సూపరింటెండెంటు వైకుంఠరావు గారి బల్ల, బల్లతో పాటు కార్డు. రిబ్బనుకి రిబ్బను అతికించి, పెరటి మీదుగా, కరివేపాకు చెట్టుకి ఒక మెలిక వేసి, షెడ్డు దాకా లాగారు. ఎండ తగలకుండా పైన రేకులు కప్పారు. మేక ఒకటి వచ్చి రిబ్బను కొస నమలబోతే, బూరయ్యకి రిబ్బను రక్షకుడని అదనపు బాధ్యత ఇచ్చారు.

అక్కడితో ఆగినా బాగుండేది. "పెట్టెలో ఏం జరుగుతోందో పర్యవేక్షించవలసిన బాధ్యత నాది. తెర మాత్రం కింది ఉద్యోగి చూస్తున్నది" అని కమిషనరు గారికి తోచింది. దాంతో తెర కార్డు కూడా ఇంకో రిబ్బను మీద ఆయన గదికి పోయింది. కార్డుతో తెరా పోయింది.

భూలక్ష్మి షెడ్డు వెనకనించి చుట్టు తిరిగొచ్చేసరికి, సుభాషిణి గోడకేసి చూస్తూ టైపు చేస్తోంది. ఆమె ముందు మీటలు ఉన్నాయి గానీ తెర లేదు.

"ఎలా కనబడుతుందే నీకు?"

"కనబడదు అక్కా. వినబడుతుంది."

సుభాషిణి ఒక మీట నొక్కింది. వరండాలో కమిషనరు గారి గుమ్మం దగ్గర నిలబడ్డ ఇంకో అటెండరు లోపలికి తొంగి చూసి, నోటికి చేతులు అడ్డం పెట్టి కేకేశాడు.

"పేరు అడుగుతోందమ్మా!"

సుభాషిణి పేరు కొట్టింది.

"వచ్చిందమ్మా! ఇప్పుడు తండ్రి పేరు అడుగుతోంది! కమిషనరు గారు ఫోనులో ఉన్నారు, కాసేపు ఆగమంటున్నారు!"

ఆగారు. ఫోను అయింది. తండ్రి పేరు కొట్టారు. కమిషనరు గారికి టీ వచ్చింది. మళ్ళీ ఆగారు. చివరికి మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రింటరు కీచుమంది. అక్షరం పెరడంతా నడిచి, కరివేపాకు చెట్టు చుట్టూ తిరిగి, వైకుంఠరావు గారి బల్ల మీద కార్డుని పలకరించి, ఎండలో వెనక్కొచ్చేసరికి దానికి మతి పోయినట్టుంది.

కామేశం కాయితం చూసి, మొహం గంభీరంగా పెట్టాడు. ముద్ర తీసి సొరుగులో పెట్టేశాడు.

"అమ్మా, మీరు చేసింది చిన్న తప్పు కాదు."

"నేనేం చేశానండీ?"

"ఇందులో పుట్టిన తేదీ వచ్చే ఏడాది శ్రావణంలో పడింది. మీ అమ్మాయి ఇంకా పుట్టలేదు. పుట్టనివారికి పుట్టినట్టు పత్రం ఇమ్మని ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చెయ్యడం నేరం కిందికి వస్తుంది."

ఆ ఇంకా పుట్టని పిల్ల అప్పటికే కిటికీ ఊచల్లోంచి చెయ్యి దూర్చి ఆయన కలం తీసుకుని, అరచేతి మీద పువ్వు గీసుకుంటోంది.

"మరి ఇదెవరండీ?" అంది భూలక్ష్మి.

"అది నిర్ధారించే అధికారం నాకు లేదు. నా కలం ఇప్పించండి."

"ఇదిగో తాతా" అని హంసిని కలం ఇచ్చింది.

ఆయన తీసుకుని, "థాంక్సమ్మా" అన్నాడు. వెంటనే తను ఎవరితో మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి, గొంతు సవరించుకుని, "పుట్టాక రండి" అని కిటికీ వేసేశాడు.

భూలక్ష్మి ఆ మధ్యాహ్నం పనికి పోతే, గేటు దగ్గర మేస్త్రీ పిల్లకేసి చూసి, వేలితో గాల్లో గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం అని లెక్కపెట్టి చూపించాడు. ఒలుస్తున్నంతసేపూ ఆవిడ ఒక కన్ను గింజ మీద, ఒక కన్ను పిల్ల మీద వేసుకుని కూర్చుంది. వేలు రెండు సార్లు కోసుకుంది.

శుక్రవారం పొద్దున ఆవిడ చేసిన మొదటి పని, వైకుంఠరావు గారి షెడ్డుకి పోవడం. ఆయన భారీ మనిషి. పెద్ద టేకు బల్ల వెనక, చేతులున్న కుర్చీలో నిండుగా కూర్చుని ఉన్నాడు. బల్ల నడిమధ్య, పసుపు కుంకాలు అద్దిన అట్టముక్క మీద ఆ కార్డు. చూస్తే బిస్కట్ పాకెట్టంత లేదు. ఆయన దానికేసి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"అయ్యా, మీ కార్డుని ఒక్క పావుగంట పెట్టె దగ్గరికి పంపించండి. నా పిల్ల కాయితం వచ్చేదాకా. మీకు పుణ్యముంటుంది."

"పుణ్యం ఉంటుంది గానీ ఉద్యోగం ఉండదమ్మా" అన్నాడు కార్డు మీంచి చూపు తిప్పకుండా. "కార్డు నా బల్ల మీద ఉండాలి, నా కళ్ళ ఎదుట ఉండాలి. ఆడిట్ వారి మాట. నేను బాత్రూముకి పోవడమే మానుకున్నాను."

"పోనీ మీరే చేత్తో పట్టుకుని రండి."

"చెయ్యి బల్ల కాదు. పైగా కార్యాలయ వేళల్లో సీటు వదలరాదని కమిషనరు గారి సర్క్యులరు."

భూలక్ష్మి రిబ్బను దాటకుండా, అంటే చుట్టూ తిరిగి, కామేశం దగ్గరికి పోయింది.

"అయ్యా, మీ పెట్టెని షెడ్డుకి..."

"లక్కముద్ర" అన్నాడు కామేశం.

వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. అందరిదీ ఇదే గోడు. కాయితం ప్రకారం ఒకాయనకి ఇంకా పెళ్ళి వయసు రాలేదు, చూస్తే ఆయనకి ఇద్దరు మనవలు. సన్యాసయ్య అనే ముసలాయన తమ్ముడి మరణ పత్రం కోసం వస్తే, తమ్ముడు పోయింది ఇంకో రెండేళ్ళకని వచ్చింది. "అప్పటిదాకా వాడి వాటా వాడికి పెట్టాలంటున్నారమ్మా మరదలు వైపువాళ్ళు" అని ఆయన తల పట్టుకున్నాడు. ఇవన్నీ ఇలా ఉండగా, పక్క మునిసిపాలిటీ నించి ఈ విస్తరణ చూసిపోదామని ఒక బృందం వచ్చింది. కమిషనరు గారు వాళ్ళకి రిబ్బను పొడుగునా తిప్పి చూపిస్తున్నారు. "దూరాన్ని రద్దు చేశాము. వచ్చే నెల పార్కు దాకా లాగుతున్నాము" అంటున్నారు. వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

భూలక్ష్మి వరండా మెట్టు మీద కూలబడింది. ఎండ పడమటికి వాలింది. సాయంత్రం గంట కొట్టడానికి ఇంక ఎంతో లేదు. పిల్ల ఒళ్ళో పడుకుని, చేతి మీద మానుతున్న బొబ్బని గోటితో గీరుకుంటోంది.

"గీరకే" అని ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. కార్డు బల్ల దిగకూడదు. సరే. ఆయన కుర్చీ దిగకూడదు. సరే. పెట్టె కదలకూడదు. అదీ సరే.

లేచి, పిల్లని చంకనేసుకుని, మళ్ళీ షెడ్డులోకి పోయింది.

"అయ్యా, ఒక్క మాట. కార్డు మీ బల్ల మీద ఉండాలన్నారు. బల్ల ఎక్కడుండాలో ఆడిట్ వాళ్ళు చెప్పారా?"

వైకుంఠరావు మొదటిసారి కార్డు మీంచి కళ్ళెత్తాడు. ఎత్తి, భయపడి, మళ్ళీ దించేశాడు. "బల్ల ప్రస్తావన... ఎక్కడా లేదు."

"మీరు సీటు వదలకూడదు. సీటు మిమ్మల్ని పట్టుకుని ఎక్కడికైనా పోతే?"

"దానికి నిషేధం ఉన్నట్టు నా దృష్టికి రాలేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బాత్రూము మీదుగా తీసుకుపోగలరా?" అని అడిగాడు.

భూలక్ష్మి వరండాలోకి వచ్చి కేకేసింది. అంత గట్టిగా ఆవిడ ఎప్పుడూ అరవలేదు. ఫ్యాక్టరీలో పాము వచ్చినప్పుడు కూడా.

"అన్నల్లారా, బాబాయిల్లారా! మీ కాయితాలు సరిగ్గా కావాలనుకున్నవాళ్ళు ఒక చెయ్యి వెయ్యండి!"

మనవలున్న పెళ్ళికొడుకు ముందుకొచ్చాడు. సన్యాసయ్య పంచె ఎగ్గట్టాడు. ఇంకా ఎవరెవరో వచ్చారు. బల్లకి నలుగురు, కుర్చీకి నలుగురు. వైకుంఠరావు గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కార్డు మీద చూపు నిలిపి, "సిద్ధం" అన్నాడు. "హైలెస్సా" అని లేపారు.

అలా ఊరేగింపు బయల్దేరింది. ముందు బల్ల, బల్ల మీద కార్డు, వెనక గాల్లో సూపరింటెండెంటు గారు, ఆయన వెనక పక్క మునిసిపాలిటీ బృందం. వాళ్ళు ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని నోటు చేసుకుంటున్నారు. బల్ల ముందుకి జరిగినకొద్దీ బూరయ్య రిబ్బనుని చీర మడత పెట్టినట్టు మడతేసుకుంటూ, అతుకులు ఊడదీస్తూ నడిచాడు. హంసిని ఆయన పక్కన గెంతుతోంది.

కమిషనరు గారు బృందాన్ని దాటుకుని ముందుకి పరిగెత్తుకొచ్చారు. "ఏమిటిది? ఎవరి అనుమతితో?"

భూలక్ష్మి అంది, "మరేం లేదండీ. కేబులు విస్తరించారు కదండీ మీరు. ఇప్పుడు ఆఫీసర్నే విస్తరిస్తున్నాము."

పక్క మునిసిపాలిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. "అద్భుతమండీ! ఇది మాకు ఎవరూ చెప్పలేదు!" అన్నారు. కమిషనరు గారు వాళ్ళ మొహాల్లోకి చూశారు. తర్వాత నెమ్మదిగా నవ్వారు. "ఇది రెండో దశ" అన్నారు.

కరివేపాకు చెట్టు దగ్గర దించగానే సుభాషిణి ఒక కాయితం లాగింది. కిటికీలోంచి కేకేసింది, "ఇంకా పుట్టలేదక్కా!"

"లేపండి!"

బాత్రూము దగ్గర ఆగారు. అది సాంకేతిక కారణాల వల్ల. మళ్ళీ లేపారు. వరండా మెట్టెక్కాక దించారు.

"పుట్టింది! అరవై దాటింది!"

"లేపండి, లేపండి!"

కిటికీ పక్కకొచ్చేసరికి హంసిని తల్లికంటే నాలుగేళ్ళు పెద్దదయింది. జనం ఊ అని ఎత్తి, కంప్యూటరు గది గుమ్మంలోకి తోశారు. బల్ల సగం లోపలికి పోయి ఇరుక్కుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

"ఆగండి! బల్ల సగం మా గదిలో ఉంది. ఇది విభాగాల సరిహద్దు సమస్య!" అని కామేశం లేచి నిలబడ్డాడు.

"కార్డు మాత్రం నా బల్ల మీదే ఉంది" అని గుమ్మం అవతల గాల్లోంచి వైకుంఠరావు గారు అరిచాడు. "నాకు కనబడుతోంది. మీరు కానివ్వండి!"

రిబ్బను ఇప్పుడు జానెడే మిగిలింది. సుభాషిణి గోడకేసి చూస్తూ కొట్టింది. వరండాలోంచి అటెండరు పేరు అడుగుతోందన్నాడు, తండ్రి పేరు అడుగుతోందన్నాడు. ఈసారి టీ రాలేదు, టీ తెచ్చేవాడు కూడా కుర్చీ మోస్తున్నాడు. ప్రింటరు కీచుమంది.

భూలక్ష్మి చూడలేక కళ్ళు మూసుకుంది.

"ఐదేళ్ళు" అంది సుభాషిణి. "ఐదు నిండి మూడు నెలలు అక్కా. కళ్ళు తెరువు."

కామేశం కాయితం అందుకున్నాడు. తిప్పి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ పిల్లని చూశాడు. "పుట్టినట్టే ఉంది" అని ముద్ర కొట్టాడు.

భూలక్ష్మి ఒక చేత్తో కాయితం, ఒక చేత్తో పిల్ల, ఉరుకులూ పరుగుల మీద బజారు దాటింది. బడి గేటులోకి అడుగుపెడుతుంటే, ప్యూను గంట కొట్టడానికి సుత్తి ఎత్తాడు. "బాబూ! ఆగు, ఆగు!" అని ఆవిడ అరిచిన అరుపుకి వాడి చెయ్యి పైనే నిలిచిపోయింది. సౌదామిని గారు వరండాలోకి వచ్చి, కాయితం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివింది. హంసిని ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. తన వయసు మళ్ళీ మారిపోతుందేమోనని దాని భయం.

"సరే. సోమవారం పొద్దున పంపించు" అంది సౌదామిని గారు. ప్యూను వైపు తిరిగి, "ఇంక కొట్టు" అంది.

ఆ గంట మోతకి భూలక్ష్మి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. హంసిని మాత్రం చెవులు మూసుకుని నవ్వుతోంది.

సోమవారం ఆవిడ పిల్లని బళ్ళో దించి, ఒక్కతే ఫ్యాక్టరీ గేటులోకి పోయింది. మేస్త్రీ తలూపాడు.

ఇక పురపాలక సంఘం సంగతి. పెట్టెలో కార్డు తిరిగి పెట్టేస్తే పోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. అలా చెయ్యడానికి వీల్లేదు. రెండో దశ విజయవంతమైందని కమిషనరు గారు పైకి రాసేశారు. బృందం వెళ్ళిపోయాక బల్లని గుమ్మంలోంచి ఊడదీసి షెడ్డుకి మోసుకుపోయారు, ఎందుకంటే అది దాని నియమిత స్థానం. ఎవరికైనా పత్రం కావాలంటే మళ్ళీ ఇటు మోసుకొస్తారు. పని అవగానే అటు మోసుకుపోతారు.

ఇప్పుడు మీరు నూకలమర్రు పురపాలక సంఘానికి వెళ్తే, గుమ్మం పక్కన పచ్చ రంగు బోర్డు కనబడుతుంది. జనన ధ్రువీకరణ పత్రం కోరువారు బల్ల మోయుటకు నలుగురినీ, కుర్చీ మోయుటకు మరి నలుగురినీ తమ వెంట తెచ్చుకొనవలెను అని దాని మీద రాసి ఉంటుంది.

మరణ ధ్రువీకరణ పత్రం గురించి బోర్డులో ఏమీ లేదు. ఎందుకు లేదని సన్యాసయ్య వెళ్ళి కామేశాన్ని అడిగాడు.

"వాళ్ళు నలుగుర్నీ ఎలాగూ పిలుచుకునే ఉంటారు కదండీ" అన్నాడు కామేశం. "అటునుంచి అటే ఇక్కడికి వచ్చెయ్యమంటున్నాం."